పాలపిట్ట చివరి రెండు పేజీలు

కామాటిపుర, ముంబై
3 ఆగస్టు 2025

తమ్ముడు శంకర్రావుకు,

ఫోనులో నీతో అరిచి అరిచి నా గొంతు పోయింది. నా మోకాలి నొప్పి సంగతి నీకు తప్ప మా చాళ్‌లో ప్రతి గదికీ వినిపించింది. కింది అంతస్తామె నూనె సీసా కూడా పంపింది. చెవి మిషను పెట్టించుకోరా అంటే అదీ వినవు. అందుకే ఇకనుంచి ఉత్తరాలే. ఈ కవర్లో రాఖీ పెట్టాను. పోయినేడు లాగా నీ భార్య లక్ష్మమ్మతో కట్టించుకోకు, నలుగురూ నవ్వుతారు. పక్కింటి పిల్లతో కట్టించుకో.

ఇప్పుడు అసలు సంగతి. దీపావళి దాటగానే చాళ్ ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా వస్తున్న పుకారు కాదు, ఈసారి నిజం. కొత్త బిల్డింగు లేచేదాకా ఒక్కో ఇల్లు ఒక్కో మూలకు పోతుంది. కొందరు ధారావిలో గదులు చూసుకున్నారు, మాకు ఇంకా కుదరలేదు. అంటే ఇక్కడ మనకు ఇదే ఆఖరు దసరా. ఆగు, ఏడుపు మొదలుపెట్టకు, ఏడవడానికి రాయడం లేదు.

సామాను సర్దుదామని అమ్మ ట్రంకుపెట్టె తీశాను. అడుగున ఏం దొరికిందో చెప్పుకో చూద్దాం! "నీలిరెక్కల పాలపిట్ట"! పుస్తకం కాదులే, దాన్ని చెదలు ఎప్పుడో తినేశాయి. నీలి అట్ట ఒక్కటే మిగిలింది. దాని మీద పిట్ట బొమ్మ, పిట్ట కంటి మీద నువ్వు చిన్నప్పుడు అంటించిన జామ్ మరక.

నా మనవరాలు రుతుజ వచ్చి "అవ్వా, యే క్యా హై?" అంది. కథ చెప్పాను. పదకొండేళ్ళ పిల్ల, ఫోను పక్కన పడేసి విన్నది! మర్నాటికి చాళ్ పిల్లలు తొమ్మిది మంది నా గుమ్మం ముందు. ఇప్పుడు వాళ్ళంతా దసరా రోజు నడవాలో ఆ కథను నాటకం ఆడతారట, అదీ తెలుగులో. శంకర్, నాకు పన్నెండేళ్ళు వచ్చినట్టుందిరా!

దసరాకు తప్పకుండా రా. టికెట్టు ఇప్పుడే చేయించుకో.

నీ అక్క
శాంత


మక్తల్
12 ఆగస్టు 2025

అక్కకు గంతులేస్తూ శంకర్ పెడుతున్న దండాలు,

రాఖీ పక్కింటి పాపతోనే కట్టించుకున్నాను, నీ ఆజ్ఞ. ఉత్తరం చదివి "పాలపిట్ట!" అని అరిచానట, లక్ష్మమ్మ గోడమీద వెతుకుతోంది ఎక్కడ వాలిందా అని.

అక్కా, నాకు మొత్తం గుర్తుంది. ఆ ఊళ్ళో ఒక దసరా రోజు జమ్మి ఆకు బంగారం కావడం మానేస్తుంది. బంగారమంతా బూడిద రాక్షసుడు మింగేశాడు కాబట్టి. తాపీమేస్త్రి పిల్లలు మల్లి, ఆమె తమ్ముడు చిన్ను పాలపిట్ట వీపెక్కి ఏడు గుట్టలు దాటతారు. రాక్షసుడి కడుపులోకే దూరి, ఉలితో పొడిచి వాడితో బంగారం కక్కిస్తారు! మన నాయన ఉలి పట్టుకుని నేను గది గోడలన్నీ పొడిచేవాణ్ణి, గుర్తుందా?

ఇక ఆఖరు. ఆ రెండు పేజీలు ఎలుకలు కొరికేశాయని, అంతకుముందే చదివేశానని నువ్వు నోటితో చెప్పావు. పిట్ట జమ్మి ఆకును ముక్కుతో నడిమికి చీలుస్తుంది. సగం అక్కకు, సగం తమ్ముడికి. "ఈ రెండు సగాలు కలిసిన రోజు నేను ఎక్కడున్నా వాపసు వస్తా" అంటుంది. అప్పుడు అమ్మ పరంజా మీంచి పడి మూడు నెలలుగా ఆసుపత్రిలో ఉంది. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. దసరా రోజు ఆసుపత్రి గేటు దగ్గర నీ సగం, నా సగం కలిపాం. దీపావళి లోపల అమ్మ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఎవరేమన్నా సరే, నాకు అది ఆకు మహిమే.

యాభై అయిదేళ్ళుగా ఒక్క దసరా తప్పలేదు. రిటైరై నేను లక్ష్మమ్మ పుట్టినూరు వచ్చేశాక కూడా రెండేళ్ళూ నువ్వు సగం ఆకు పోస్టులో పంపావు. అలాంటిది ఆ పేజీలు నేను ఒక్కసారైనా కళ్ళతో చదవలేదు! ఇది తెలుగు దేశం అక్కా, ఇక్కడ ఎవరో ఒకరి బీరువాలో ఆ పుస్తకం లేకపోదు. వెతికి పట్టుకుని దసరాకు నేనే తెస్తాను. ఆఖరు పేజీలు నాటకంలో నేనే చదువుతాను. మాట!

తమ్ముడు
శంకర్


కామాటిపుర
21 ఆగస్టు 2025

ఓపిక లేని తమ్ముడికి,

ఇక్కడ మూడు రోజులు ఒకటే వాన. ఫోరస్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. పిల్లలకు బడి సెలవు, నాకు పండగ. నడవాలో రిహార్సలు చూడాలి నువ్వు! మల్లి వేషం రుతుజది. బూడిద రాక్షసుడు పక్క గది బంటీ. అగరుబత్తి బూడిదంతా వాడి ముఖానికే. తెలుగులో భయపెట్టరా అంటే, కోపం వచ్చేసరికి అందర్నీ బూడిద చేస్తాననడానికి "సబ్ కో రాఖ్ కర్ దూంగా!" అని హిందీలోకి దూకుతాడు. సరే, రాక్షసుడు ఏ భాషలో అరిస్తే ఏమని వదిలేశాను.

పాలపిట్టకు రెక్కలు నా నీలం నైలాన్ చీరతో కుట్టాను. పెళ్ళిలో పెట్టినది, కోడలు చూసి "అయ్యో అత్తమ్మా" అంది. కోసేశాను.

పుస్తకం కోసం మాత్రం నువ్వు ఊరూరా తిరగకు. ఎందుకా శ్రమ? నాకు కథ నోటికి వచ్చు. ఆఖరు భాగం నీకు చెప్పినట్టే వీళ్ళకూ చెప్పాను, చాలు. పాత పుస్తకాల దుమ్ముకు నీకు ఆయాసం వస్తుంది. ఊరికే రా.

శాంత


మక్తల్
30 ఆగస్టు 2025

అక్కా!

దొరికింది! దొరికింది! దొరికింది!

నువ్వు వద్దన్నది నా మీద జాలితోనని నాకు తెలియదా? అందుకే రెట్టింపు వెతికాను. ఇక్కడ లస్మయ్య అని రిటైరైన తెలుగు పంతులున్నాడు, ఎనభై దాటాయి. సాయంత్రాలు అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చదివిస్తాడు. ఆయన బీరువాలో, రెండో అరలో, నీలి అట్ట! అరుగు మీదే కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. అదే ఊరు, అదే మల్లి, అదే ఉలి! రాక్షసుడి కడుపు బొమ్మ కూడా అదే. నలభై ఆరో పేజీ తిప్పాను.

అక్కా, ఆఖరు రెండు పేజీల్లో మన పిట్ట లేదు.

పిట్ట పిల్లల్ని ఇంటి ముందు దించి ఎగిరిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. పిల్లలు మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశం వైపు చూస్తారు. "పాలపిట్ట మళ్ళీ ఆ ఊరికి రాలేదు." అంతే. సమాప్తం. చీల్చిన ఆకు లేదు, సగాలు లేవు, ఏమీ లేదు!

"సార్, మీ పుస్తకంల పేజీలు పోయినయి" అన్నాను. ఆయన వేలు తడి చేసుకుని నలభై ఎనిమిది పేజీలూ లెక్కపెట్టి చూపించాడు. నేను మన ఆకు సంగతి చెప్పాను. ఆయన నవ్వు చూడాలి! "జమ్మి ఆకును నడిమికి చీల్చుడేంది సారూ? గది చింతాకంత గూడ ఉండదు గద" అన్నాడు. ఇక్కడి జమ్మి నేనూ చూశాను, నిజంగానే చిన్నది. అయినా ఊరుకుంటానా? "మా బొంబాయి జమ్మి వేరు. నా అరచేయంత ఉంటది. యాభై అయిదేండ్ల సంది చీలుస్తున్న" అన్నాను. మాటా మాటా పెరిగింది. ఇది దొంగ ముద్రణ అన్నాను, ఎవరో ఆఖరు మార్చేశారన్నాను, ఆ ఎవరో ఆయనేనేమో అని కూడా నోరు జారాను. ఆయన పుస్తకం లాక్కుని బీరువాకు తాళం వేశాడు.

పోనీలే. అసలు పుస్తకం ఇంకెక్కడో ఉంది. నువ్వు కళ్ళతో చదివావు కదా! నాకు నువ్వు సాక్ష్యం. నీది ఏ సంవత్సరం ముద్రణో, ఎవరు వేశారో ఆ అట్ట మీద చూసి వెంటనే రాయి.

శంకర్


కామాటిపుర
6 సెప్టెంబర్ 2025

శంకర్,

ఇవాళ గణపతి నిమజ్జనం. కింద డోళ్ళు మోగుతుంటే పెన్ను నిలవడం లేదు. కొద్దిగానే రాస్తాను.

అట్ట మీద ఏమీ కనబడటం లేదు. పుస్తకం గొడవ ఇంతటితో వదిలేయి. ఆ నాటకం కూడా వద్దేమో అనిపిస్తోంది, పిల్లల చేత ఇంకేదైనా ఆడిస్తాను. లస్మయ్య సారు పెద్ద మనిషి, ఆయనతో పోట్లాడకు. నీ ఆయాసానికి, చెవులకు అంత దూరం ప్రయాణం కూడా ఎందుకు? ఈసారికి రావద్దులే. నేనే ఎప్పుడైనా వస్తాను.

శాంత


మక్తల్
12 సెప్టెంబర్ 2025

శాంతాబాయి గారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు తెలియాలి. "రావద్దులే" అన్న మాట నీ చేతిరాతలో చదవడం ఇదే మొదలు. నాలుగు సార్లు చదివాను, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఎందుకు వద్దు? గది చిన్నదనా? చుట్టాలొచ్చినప్పుడు ఆ గదిలో ఎనిమిది మందిమి పడుకున్నాం. కోడలు ఏమైనా అందా? లేక చెవిటివాడు వచ్చి పిల్లల నాటకం మధ్యలో "ఆఁ? ఆఁ?" అంటాడనా? సూటిగా చెప్పు. మన గడప మీద ఆఖరు దసరా నాకూ ఆఖరుదే కదా. నేను పుట్టింది ఆ గదిలోనే, నువ్వే మంత్రసానిని పిలుచుకొచ్చానని వెయ్యి సార్లు చెప్పావు.

లస్మయ్య ఊరంతా చెప్పాడు, బొంబాయి శంకర్రావు జమ్మి ఆకు చీలుస్తాడని. పిల్లలు వెనకాల నవ్వుతున్నారు. నవ్వనీ. ఇరవయ్యో తేదీ సాయంత్రం బస్సెక్కి హైదరాబాదు పోతున్నాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారట. అక్కడ దొరక్కపోతే విజయవాడ. అక్కడా దొరక్కపోతే ఇంకో ఊరు. అసలు పుస్తకం పట్టుకుని నీ గుమ్మంలో పెట్టి, లోపలికి రాకుండా వెనక్కి తిరిగిపోతాను.

ఒక్కటి అడుగుతున్నాను. నా సగం ఆకు ఈ ఏడు పంపుతావా, అదీ వద్దా?

శంకర్రావు


కామాటిపుర
15 సెప్టెంబర్ 2025
స్పీడ్ పోస్టు

నా పిచ్చి తమ్ముడా,

బస్సెక్కకు. ఇది చదివే దాకా ఎక్కడికీ కదలకు. ఒకవేళ టికెట్టు చేతిలో ఉంటే చింపెయ్యి.

నువ్వు విజయవాడ కాదు, కాశీ పోయినా ఆ పుస్తకం దొరకదు. లస్మయ్య సారు దగ్గర ఉన్నదే అసలు పుస్తకం. పిట్ట వెనక్కి చూడకుండా పోయిందనే రాసి ఉంది. నేను చదివాను.

ఎలుకలు కొరకలేదురా. నేనే చింపాను.

అమ్మను చూడనివ్వలేదని నువ్వు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాయన పనిలోకి పోయేవాడు, గదిలో మనమిద్దరమే. రోజూ కొన్ని పేజీలు చదివి, ఒక్కో పేజీకి ఒక్కో ముద్ద పెట్టేదాన్ని. ఆఖరు పేజీలు ముందే చదివి చూసుకున్నాను. పిట్ట రాలేదు అని చదివితే నువ్వు అడిగే మాట నాకు తెలుసు. "అమ్మ గూడ గట్లనే పోతదా?" అంటావు. ఆ రెండు పేజీలూ చింపి పొయ్యిలో పెట్టేశాను. తర్వాత నీ ముందు కూర్చుని నోటికి ఏది వస్తే అది చెప్పాను. నువ్వు ఆ పూట రెండు సార్లు పెట్టించుకుని తిన్నావు.

ఇక ఆకు. నేను జమ్మి చెట్టును చూసి ఉంటే కదా! కామాటిపురలో పుట్టి, ఇక్కడే పెరిగిన దాన్ని. దసరాకు అమ్మ దాదర్ పూలబజారు నుంచి తెచ్చేది మరాఠీ వాళ్ళు "సోనం" అని, అంటే బంగారమని, పంచుకునే ఆప్టా ఆకు. మన ఇంట్లో దాన్నే జమ్మి అనేవాళ్ళం. ఆ ఆకే రెండు రెక్కలుగా ఉంటుంది, నడుమ ఈనె పట్టి లాగితే సరిగ్గా సగానికి వస్తుంది. పుస్తకంలో జమ్మి అని చదివి నాకు కళ్ళ ముందు కనిపించింది ఆ ఆకే. లస్మయ్య సారు నవ్వడంలో తప్పు లేదు. నేను అల్లిన కథ కోసం నువ్వు ఆయనతో పోట్లాడావు, ఊళ్ళో నవ్వులపాలయ్యావు. ఈ వయసులో నీకు ఈ పని తెచ్చిపెట్టాను.

చెబుదామని ఎన్నో దసరాలు అనుకున్నాను. నువ్వు నీ సగం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడివి. నీ ముఖం చూస్తే నోరు రాలేదు. మొన్న రావద్దని రాసింది అందుకే. పుస్తకం తెచ్చి పిల్లల ముందు ఆఖరు పేజీలు చదువుతానన్నావు. నువ్వు నన్ను చూసే చూపు తట్టుకోలేనని భయపడ్డాను. గదీ కాదు, కోడలూ కాదు, నీ చెవులూ కాదు.

నాకిప్పుడు ఒక్కటే భయం. అబద్ధమని తెలిశాక ఆ సగం ఆకు నీకు ఉత్త ఎండుటాకు అయిపోతుందేమో, మన మధ్య ఏమీ మిగలదేమో. తిట్టు, పడతాను. కానీ వచ్చి తిట్టు.

రిహార్సలు ఆపేశానని రుతుజ నాతో మాట్లాడటం లేదు. "అవ్వా, పాలపిట్ట వాపస్ వస్తదా రాదా, ఒక్కటి ఫైనల్ చెయ్యి" అంటోంది. నేను చెప్పలేను. నువ్వు చెప్పు. పుస్తకంలో ఉన్నట్టే ఆడించమంటే అలాగే ఆడిస్తాను.

నీ అక్క
శాంత


మక్తల్
23 సెప్టెంబర్ 2025

అక్కకు,

ముందు కోపం సంగతి. వచ్చింది. పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. అన్నం వద్దన్నాను. లక్ష్మమ్మ ఉత్తరం తీసి చదివింది. చదివి నా చెవి దగ్గరకొచ్చి అరిచింది. "ఏడేండ్ల పిలగాడు అన్నం తినాలెనని ఆమె గంత పని జేసింది. అరవై రెండేండ్లొచ్చినంక గదే మాట మీద అన్నం బంద్ వెడుతవా? లే!" లేచాను. రెండు సార్లు పెట్టించుకుని తిన్నాను.

తింటుంటే ఒకటి తట్టింది. ఆసుపత్రి గేటు దగ్గర నా సగం కలిపేటప్పుడు నేను నవ్వాను, నువ్వు ఏడ్చావు. ఎందుకు ఏడుస్తుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. పిట్ట వస్తుందని నాకు తెలుసు. రాదని చదివినదానివి నువ్వు ఒక్కదానివే. పన్నెండేళ్ళ పిల్లవి! ఆ మాట నువ్వు ఎవరితో చెప్పుకున్నావు అక్కా? నీకు ముద్దలు ఎవరు పెట్టారు? ఇన్నాళ్ళూ నేను ఇది అడగనే లేదు.

మర్నాడు బస్టాండుకు పోలేదు. లస్మయ్య సారు అరుగు దగ్గరకు పోయాను. చేతులు జోడించి, "సార్, తప్పు నాదే. మీ పుస్తకమే అసలుది" అన్నాను. నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. క్షమించు, నిన్ను అడగకుండా పెట్టాను. ఆయన చదివి చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత బీరువా తాళం తీశాడు.

అరుగు మీద పదిహేను మంది పిల్లలు. నన్ను చూసి నవ్వినవాళ్ళే. సారు వాళ్ళకు కథంతా చదివాడు. ఆఖరు పేజీలు ఉన్నవి ఉన్నట్టు చదివి పుస్తకం మూశాడు. ఒక చిన్నది "గంతేనా సార్?" అంది. అప్పుడాయన నా వైపు చెయ్యి చూపించాడు. "ఇంకొక ఆఖరు ఉన్నది. గీ సారుకు ఎరుక."

చెప్పాను అక్కా. నువ్వు ఎట్లా చెప్పావో అట్లే, ఎక్కడ ఆగావో అక్కడ ఆగి. ఆకు చీలే దగ్గర పిల్లలు ముందుకు జరిగారు. అయిపోయాక సారు అడిగాడు, పిట్ట వాపస్ వచ్చే ఆఖరు ఎవరికి కావాలని. వాళ్ళు ఏమన్నారో నా చెవులకు వినబడలేదు. పదిహేను చేతులు లేచింది మాత్రం చూశాను. అందరికంటే ముందు లేచినవాడు, మొన్న నన్ను చూసి అందరికంటే గట్టిగా నవ్వినవాడే.

కాబట్టి రుతుజకు చెప్పు, ఫైనల్! పాలపిట్ట వాపస్ వస్తది. ఆప్టా ఆకుతోనే వస్తది. రిహార్సలు ఈ రోజే మొదలుపెట్టించు. నీలం రెక్కలు ఎక్కడా విప్పలేదు కదా?

నేను ఒకటో తేదీ పొద్దున దాదర్‌లో దిగుతాను. ఈసారి గాంధీ జయంతి నాడే దసరా వచ్చింది, మటన్ దుకాణాలు ఉండవేమోనని లక్ష్మమ్మ ఇప్పటినుంచే బెంగ పడుతోంది. తనూ వస్తోంది. ఈ కవర్లో చిన్న రెమ్మ పెట్టాను. నీ జీవితంలో మొదటిసారి చూస్తున్నావు, అసలు జమ్మి ఇదే. చీల్చడానికి ప్రయత్నించకు, నేను చేశాను, కాదు. పోయినేడు నువ్వు పంపిన సగం నా చొక్కా జేబులో వస్తోంది. రెండో సగం నువ్వు ఎక్కడ దాచావో వెతికి పెట్టు. నడవాలో, పిల్లలందరి ముందు కలుపుదాం. ఈసారి నువ్వు ఏడవకూడదు.

పుస్తకం కూడా తెస్తున్నాను. సారు ఇచ్చేశాడు, "గది మీ ఇంటిది" అని. అయితే ఇచ్చేముందు ఒక పని చేశాడు. నలభై ఎనిమిదో పేజీ తర్వాత ఒక ఖాళీ కాగితం ఉంది. దాని మీద నీ ఆఖరు అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. చివర పెన్ను ఆపి, "రాసినామె పేరు ఏమని పెట్టాలె?" అని అడిగాడు.

పెన్ను నేను తీసుకున్నాను. నా వంకర రాతతోనే పెట్టాను.

"శాంత, ఏడో తరగతి, కామాటిపుర."

నీ తమ్ముడు
శంకర్